పాత రంగుల టెలివిజనుపెట్టెయు క్రొత్త డిజిటల్ ప్రసారములును

 

మీలో అనేకుల యిండ్లలో ఒక మూల పాత రంగుల టెలివిజనుపెట్టె గుడ్డ కప్పుకొని యుండును. దానిపై ఏ వినాయకుని బొమ్మయో, మందుసీసాలో ఉంచుట తప్ప దానివలన వేరొక ప్రయోజనము నేడు కానరాదు. అది చెడిపోయినదా యన్నచో, పెక్కిండ్లలో చెడిపోలేదు. దానికి తెలిసిన భాషలో పలుకువారు లేకపోయిరి, అంతియే. అట్టిదానిని మరల పలికింపవచ్చునా, పలికింపవలసినచో ఏమేమి కావలెను, ఏచోట చేయి పెట్టరాదు అను మూడు విషయములను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

నేను ఇంజనీరును గాను. గురువుగారి అరుగుమీద ఛందస్సును వ్యాకరణమును చదువుకొని, దొరవారిసత్రము చుట్టుపట్ల పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. ఈ విద్య నాకు అవసరము వలన అబ్బినది. దీనిని నేర్చుకొనుటలో మా యింటి బాలు డొకడు ప్రాణమునకే ముప్పు తెచ్చుకొని, దైవవశమున బయటపడినాడు. ఆ కారణముచేతనే ఈ సంగతిని నలుగురికిని చెప్పుట నా విధి యని యెంచితిని.

ముందుగా పూర్వకథ కొంత చెప్పవలెను. మన దేశమున టెలివిజను ప్రసారము 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగముగా మొదలయ్యెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఉపగ్రహ మొకదాని సహాయముతో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు పాఠములు ప్రసారము చేసిరి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశము నొకటి. ఆ సంవత్సరముననే ఆగస్టు 15న మదరాసు కేంద్రమును, 1977 అక్టోబరులో హైదరాబాదు కేంద్రమును వెలసినవి. రంగుల ప్రసారము 1982 ఆగస్టు 15న ఆరంభమై, ఆ యేటి ఆసియా క్రీడలతో దేశమంతట వ్యాపించెను.

మాది తెలుగునేలకు దక్షిణపుటంచు. హైదరాబాదు మాకు దూరము, మదరాసు చేరువ. అందుచేత ఇంటికప్పుపై కొబ్బరిచెట్టంత ఎత్తున ఇనుపగొట్టము నిలిపి, దాని కొనను ఆంటెన్నా కట్టి, దక్షిణమునకు త్రిప్పి చూచువారము. గాలి వీచినపుడెల్ల ఒకడు మిద్దె యెక్కి గొట్టము త్రిప్పుచుండగా, వేరొకడు కిటికీలోనుండి “చాలు, చాలు, కొంచెము వెనుకకు” అని కేక వేయుట మా యూరిలో నిత్యకృత్యము. శుక్రవారము సాయంకాలము ‘ఒళియుమ్ ఒళియుమ్’ అను అరవపాటల కార్యక్రమమును అర్థము సగమే తెలిసినను తెలుగువారమందరము చూచితిమి. 1987 జనవరిలో రామాయణ ధారావాహిక మొదలైనప్పుడు మా నాయనగారు ఏడు పుట్ల మొలగొలుకు ధాన్యము అమ్మి, ఆ రూకలతో ఇరువది అంగుళముల రంగులపెట్టె కొనిరి. ఆదివారము ఉదయమున మా పంచలో చాపలు చాలెడివి కావు. మా అమ్మగారు పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టినతరువాతనే మీట నొక్కనిచ్చెడివారు.

ఆ పెట్టె ముప్పదియేండ్లు పనిచేసెను. పిమ్మట దానికి గాక ప్రసారమునకే మార్పు వచ్చినది. 2011లో కేబులు టెలివిజను చట్టమును సవరించి, కేబులు ప్రసారము లన్నియు డిజిటల్ పద్ధతికి మారవలెనని విధించిరి. 2012లో మహానగరములతో మొదలైన ఆ మార్పు నాలుగు విడతలుగా సాగి, 2017 మార్చి నాటికి గ్రామములకును గడువు ముగిసెను. దూరదర్శనమువారు స్తంభములనుండి పంపుచుండిన పాతపద్ధతి ప్రసారములను సైతము క్రమముగా నిలిపివేయుచు వచ్చి, 2021 అక్టోబరు నాటికి కొలదిచోట్ల తప్ప తక్కినచోట్ల ముగించిరి. ఈ విధముగా పాతపెట్టె చెవులున్నను చెవిటిదాని వలె మిగిలిపోయినది.

ఇప్పుడు ఆ రెండు పద్ధతుల భేదమును వివరించెదను. పాతపద్ధతిలో బొమ్మయందలి వెలుగు మారినకొలదిని అలయు మారుచుండును. గాయకుని వెంట వీణ సాగినట్లు బొమ్మ వెంట అల సాగును. పెట్టెలోని పిక్చర్ ట్యూబులో వెనుకనుండి వచ్చు మూడు ఎలక్ట్రాను ధారలు ఆ అలను అనుసరించి ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణముల చుక్కలను వెలిగించును. అవి ఒక్కొక్క చిత్రమును 625 గీతలుగా గీయుచు, సెకనునకు 25 చిత్రములు పూర్తిచేయును. రంగును పంపుటకు మన దేశము గ్రహించిన పద్ధతికి ‘పాల్’ అని పేరు. దీనిని జర్మనీ దేశీయుడు వాల్టర్ బ్రూక్ కల్పించెను. దీనియందు రంగును తెలుపు సంకేతమును గీత విడిచి గీత తలక్రిందుగా పంపుదురు. దారిలో కలిగిన దోషము ఒక గీతలో ఒకవైపునకును, మఱు గీతలో ఎదురువైపునకును పోయి, రెండును చెల్లిపోవును. ఈ పద్ధతులన్నిటిలోను ఒక గుణము కలదు. అల బలహీనమైనచో బొమ్మ ఒక్కసారిగా పోదు. ముందు మసక వచ్చును, తరువాత మంచు కురిసినట్లు తెల్లని చుక్కలు వచ్చును. ఐనను ముఖము పోల్చుకొనవచ్చును.

డిజిటల్ అనగా అంకెలలో చెప్పుట. ఇది మన పెద్దలకు క్రొత్తది కాదు. ఛందశ్శాస్త్రము చదివినవారికి లఘువు, గురువు అను రెండే గుర్తులు. ఒక్క అక్షరమునకు రెండు భేదములు. రెండక్షరములకు నాలుగు. మూడింటికి ఎనిమిది. అవియే య, మ, త, ర, జ, భ, న, స గణములు. ఇట్లు రెట్టింపుచు పోయినచో ఎనిమిదక్షరముల అనుష్టుప్పు పాదమునకు 256 ప్రస్తారభేదము లగునని పింగళాచార్యుల శాస్త్రము ననుసరించి పిల్లవాడైనను లెక్క కట్టగలడు. నేటి యంత్రములును ఇదే చేయుచున్నవి. లఘువునకు సున్నయు, గురువునకు ఒకటియు పెట్టుకొని, అట్టి ఎనిమిది గుర్తుల వరుసతో ఒక చుక్క యొక్క వెలుగును 256 తరగతులలో ఏదో చెప్పును. కావున ఆకాశమునుండి వచ్చునది ఇప్పుడు వీణానాదము కాదు, గురులఘువుల పట్టిక.

పట్టికను పంపుటలో రెండు చిక్కులు కలవు. మొదటిది దాని పరిమాణము. మన పాత ప్రమాణపు చిత్రమును చుక్కలుగా విడదీసినచో అడ్డముగా 720, నిలువుగా 576, వెరసి 4,14,720 చుక్కలు. సెకనునకు 25 చిత్రము లన్నచో కోటికి పైబడిన చుక్కల లెక్క పంపవలెను. దీనికి ఉపాయము పాణిని సూత్రములు చదివినవారికి విదితమే. ముందు సూత్రములోని పదము తరువాతి సూత్రములోనికి అనువృత్తిగా వచ్చును. దానిని మరల చెప్పరు. అట్లే వార్తలు చదువు వ్యక్తి వెనుకనున్న గోడ చిత్రము చిత్రమునకు మారదు గనుక దానిని మరల మరల పంపరు. పెదవులు కదలినంతమేర మాత్రమే పంపి, తక్కినది అనువృత్తిచే గ్రహింపు మందురు.

రెండవ చిక్కు దారిలో కలుగు దోషము. చెదలు తినిన తాళపత్రములో ఒక పద్యపు రెండవ అక్షరము పోయినదనుకొందము. తక్కిన మూడు పాదముల ప్రాసను చూచి దానిని పూరింతుము. యతి, గణములును మనకు సాక్ష్యము చెప్పును. అనగా పద్యములోని నియమమే పద్యమును కాపాడుచున్నది. ఉపగ్రహ ప్రసారమునందు గల ఒక పద్ధతిలో 188 సంఖ్యలకు కావలిగా మరి 16 సంఖ్యలు కూర్చి, 204గా పంపుదురు. వానిలో ఎనిమిదింటివరకు చెడినను పెట్టె లెక్క కట్టి, చెడినవానిని గుర్తించి దిద్దుకొనును. అందుచేత డిజిటల్ బొమ్మలో మంచుచుక్కలు కానరావు. కాని దోషము ఆ హద్దు దాటెనా, బొమ్మ చదరపు ముక్కలై, పిమ్మట పూర్తిగా మాయమగును. కొంచెము కొంచెముగా చెడుట దానికి తెలియదు. భారీవర్షము కురియునప్పుడు మన డిష్‌లకు కలుగు అవస్థ ఇదియే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి పాతపెట్టెకు కావలసిన దేమో స్పష్టమగుచున్నది. దానికి కన్ను బాగుగనే యున్నది, గొంతును బాగుగనే యున్నది. పట్టికను చదివి పాతభాషలో వినిపించు దుబాసీ యొకడు కావలెను. ఆ దుబాసీయే సెట్‌టాప్ బాక్సు. కొందరు డిష్ నుండి వచ్చు తీగను తిన్నగా పాతపెట్టె వెనుక గ్రుచ్చి, ఏమియు రాలేదని నిరాశ పడుదురు. అది ఎన్నటికిని రాదు. పైగా సెట్‌టాప్ బాక్సు నుండి డిష్ వైపునకు 13 లేక 18 వోల్టుల విద్యుత్తు పోవుచుండును గనుక, బాక్సు పనిచేయుచుండగా ఆ తీగ కొనలను తగిలించుట, విప్పుట కూడదు.

ఇక మా యింట జరిగినదానిని చెప్పెదను. 2017లో కేబులు ఆగిపోయినప్పుడు మా కుమారుడు పలుచని క్రొత్త టెలివిజను కొని తెచ్చెను. మా అమ్మగారికి అది సరిపడలేదు. శుక్లములు తీయించుకొన్న ఆమె కండ్లకు రిమోటు మీది చిన్నయక్షరములు కానరావు. పాతపెట్టెకు ముందువైపున ఎనిమిది మీటలు. అవి ఆమె వ్రేళ్లకు కంఠస్థము. “నాయనా, నా పెట్టెను నాకు పలికింపుము, ఈ అద్దము నాకు వలదు” అని ఆమె పట్టుపట్టిరి. మా చెల్లెలి మనుమడు పాలిటెక్నిక్కు చదువుచుండెను. వాడు “తాతయ్యా, ఇది గంటపని. లోపల రెండు తీగలు టంకము వేసి, వెనుక పలకకు సాకెట్టు బిగించినచో చాలును” అని పలికి పెట్టె వెనుక భాగము విప్పెను. బొమ్మను తెలుపు సంకేతము లోపలి పలకలో ఏచోట నున్నదో ఎవరో గీసియిచ్చిన కాగితము వానివద్ద కలదు. ఆ గీత తప్పు కాదు. కాని దానిలో ఒక మాట లేదు. ఆ మాట లేకపోవుటయే ముప్పు తెచ్చినది.

వాడు టంకము వేసి, సెట్‌టాప్ బాక్సు తగిలించి, మీట నొక్కి, ఒక చేత బాక్సు యొక్క ఇనుపరేకును, వేరొక చేత డిష్ తీగను పట్టుకొనెను. మరుక్షణమున వెనుకకు విసరివేయబడెను. వాడు చెక్కబల్లపై నిలిచి యుండుటయు, పడినప్పుడు చేయి విడిపోవుటయు మా పూర్వపుణ్యము. అరచేత కాలిన మచ్చ నేటికిని వానికి గలదు. బొమ్మ మాత్రము తెరమీద చక్కగా వచ్చియున్నది! దానిని చూచుటకు మా యింట ఎవరికిని కన్ను నిలువలేదు.

కారణమేమనగా, ఆ కాలపు టెలివిజనులలో పెక్కింటికి ఇంటి విద్యుత్తునకును లోపలి చట్రమునకును నడుమ వేరుపఱచు ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ఖర్చును, బరువును తగ్గించుటకై చట్రమునే విద్యుత్తునకు కలిపియుందురు. పని తెలిసినవారు దీనిని ‘హాట్ ఛాసిస్’ అందురు. చుట్టును చెక్కయో ప్లాస్టిక్కో కప్పియుండుట వలన మామూలుగా మనకు ప్రమాదము లేదు. అట్టి చట్రమునుండి ఒక తీగను బయటకు తెచ్చి సాకెట్టుగా బిగించితిమా, బాక్సు, దాని తీగలు, మిద్దెపై నున్న డిష్ అన్నియు 230 వోల్టుల పాముపడగలగును. కొన్ని పెట్టెలలో ప్లగ్గు ఒకవిధముగా గ్రుచ్చినప్పుడు ఏమియు కాదు, తిరగవేసి గ్రుచ్చినప్పుడు చంపును. మరికొన్నింటిలో ఎట్లు గ్రుచ్చినను చట్రము ప్రమాదమే. ఇంతేకాదు. రంగుల పిక్చర్ ట్యూబునకు సుమారు 20,000 నుండి 25,000 వోల్టుల వరకు కావలెను. మీట ఆర్పి, ప్లగ్గు తీసినతరువాత కూడ ట్యూబులోను, లోపలి పెద్ద కెపాసిటరులోను విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున వెనుకపలక విప్పుట ఆ పనిలో ఆరితేరిన మెకానిక్కు తప్ప అన్యులు చేయరాదు. చదువుకొన్న పిల్లలు ఇంట నున్నచో ఈ మాట మరీ గట్టిగా చెప్పుడు. తెలియనివాడు దూరముగా నుండును, సగము తెలిసినవాడే చేయి పెట్టును.

మరి మా అమ్మగారి పెట్టె ఎట్లు పలికినది? సూళ్లూరుపేటనుండి వచ్చిన ఒక ముసలి మెకానిక్కు పెట్టెను పరిశీలించి, “అయ్యవారూ, వాకిలి ఉండగా గోడకు కన్న మేల?” అనెను. ఆ వాకిలి ఏదనగా, వెనుకనున్న ఆంటెన్నా రంధ్రమే. దానిని పెట్టెను చేసినవారే చిన్న కెపాసిటర్ల ద్వారా చట్రమునుండి వేరుచేసి, మనుష్యులు తాకుటకు తగినట్లు అమర్చియుందురు. ఆ కెపాసిటర్లు నేటికిని సరిగా నున్నవో లేవో అతడు ముందుగా కొలిచి చూచెను. పిల్లవాడు పెట్టిన సాకెట్టును పెకలించివేసెను. పిదప ‘ఆర్.ఎఫ్. మాడ్యులేటరు’ అను చిన్న పెట్టెను తెచ్చెను. అది సెట్‌టాప్ బాక్సు ఇచ్చు బొమ్మను, ధ్వనిని గైకొని, పూర్వము మదరాసు స్తంభము పంపినట్టి అలగా మార్చి, ఒక చానలు మీద తీగ వెంట పంపును. పాతపెట్టెకు అది ఒక దూరదర్శన కేంద్రమే. భేద మేమన్నచో, ఆ కేంద్రము ఇప్పుడు మా గూటిలో నున్నది.

మీ యింటి పెట్టె ఏ తరగతిదో చూచుకొనుటకు ఈ క్రమమును పాటింపుడు.

మొదటి తరగతి: వెనుకగాని ప్రక్కనగాని పసుపు, తెలుపు, ఎఱుపు రంగుల గుండ్రని సాకెట్లు కలవి. వీనిని ఏ.వి. సాకెట్లందురు. పెట్టె చేసినవారే పెట్టినవి గనుక ఇవి నిరపాయములు. సెట్‌టాప్ బాక్సునుండి మూడు పిన్నుల తీగ తెచ్చి పసుపును పసుపునకు, తక్కినవానిని వాని రంగులకు తగిలించినచో పని ముగిసినది. పసుపు బొమ్మకు, తెలుపు ఎఱుపులు ధ్వనికి. ధ్వనికి ఒకే సాకెట్టున్నచో తెలుపును గ్రుచ్చి, బాక్సు అమరికలో ‘మోనో’ అని ఎంచుకొనవలెను. కొన్ని క్రొత్త బాక్సులకు హెచ్.డి.ఎమ్.ఐ. అను పలుచని సాకెట్టు మాత్రమే యుండును. అట్టిదానికి నడుమ వేరొక మార్పిడిపెట్టె కొనవలసివచ్చును. కావున కొనునప్పుడే ఏ.వి. సాకెట్లు గల బాక్సును అడుగుడు.

రెండవ తరగతి: ఏ.వి. సాకెట్లు లేక, ఆంటెన్నా రంధ్రము మాత్రమే కలవి. వీనికి మాడ్యులేటరు కావలెను. కొన్ని బాక్సులలోనే అది కూర్చబడియుండును. కాని అవి తరచుగా 21 మొదలు 69 వరకు గల యు.హెచ్.ఎఫ్. చానళ్లమీద పలుకును. మన పాతపెట్టెలలో కొన్ని 2 మొదలు 12 వరకు గల వి.హెచ్.ఎఫ్. చానళ్లను మాత్రమే వినును. కావున మాడ్యులేటరు వి.హెచ్.ఎఫ్.లో పలుకునదా యని కొనకముందే విచారింపవలెను.

మూడవ తరగతి: గుండ్రని రంధ్రమునకు బదులు రెండు మరలు మాత్రమే యుండి, చదునైన జంటతీగను బిగించుకొనునవి. ఆ తీగ ప్రమాణము 300 ఓములు, నేటి గుండ్రని తీగది 75 ఓములు. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటకు ‘బాలన్’ అను చిన్న కొండి దొరకును. దానిని నడుమ నుంచి, తక్కినది రెండవ తరగతివలెనే చేయుడు.

ప్రసారమును ఎక్కడనుండి గైకొనవలె నందురా? కేబులువారి బాక్సుతోను ఈ పని నెరవేరును. నెలనెల రుసుము లేకుండ కావలెనన్నవారికి దూరదర్శనమువారి ఉచితసేవ కలదు. 2004 డిసెంబరులో ‘డి.డి. డైరెక్ట్ ప్లస్’ అను పేర 33 చానళ్లతో ఆరంభమై, తరువాత ‘డి.డి. ఫ్రీ డిష్’ అయ్యెను. డిష్‌నకును బాక్సునకును ఒక్కమారు వెల యిచ్చినచో చాలును. మన తెలుగు ‘సప్తగిరి’ చానలు అందు కలదు.

ఆ ప్రసారమును పంపు జీశాట్-15 అను ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున, 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమముగా తిరుగుచు, మనకు కదలనట్లు తోచుచుండును. మా యూరివారము శ్రీహరికోటనుండి లేచు రాకెట్లను మిద్దెలమీదనుండి చూచుచుందుము గనుక ఇదియు అక్కడనుండియే లేచినదని తలంతుము. అట్లు కాదు. 3,164 కిలోగ్రాముల బరువు గల ఈ ఉపగ్రహమును మోయు రాకెట్టు మనకు అప్పటికి సిద్ధము కాలేదు. కనుక 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానానుండి పంపిరి. 2017 జూనులో 3,136 కిలోగ్రాముల జీశాట్-19ని శ్రీహరికోటనుండియే మనవారు పైకెత్తి ఆ కొఱత తీర్చిరి.

డిష్‌ను ఎటు త్రిప్పవలెనో లెక్క కట్టితిని. దొరవారిసత్రమునుండి చూచినచో ఆ ఉపగ్రహము సరిగా ఆగ్నేయదిక్కున, క్షితిజమునుండి సుమారు 67 డిగ్రీల ఎత్తున నుండును. నడినెత్తికి కొంచెము వాలుగా నన్నమాట. కాని డిష్ ముఖము అంతగా పైకి చూచుచున్నట్లు కానరాదు. దాని యమరిక వలన అది చూచుచున్నట్లు తోచు దిక్కునకు ఇరువది డిగ్రీలకు పైగా మీదనుండి అలలను గ్రహించును. దీనిని ఎఱుగక డిష్‌ను వెల్లకిల పెట్టువారు వాననీటిని పట్టుదురే గాని బొమ్మను పట్టజాలరు. ఆగ్నేయమున కొబ్బరిమట్ట యొక్కటి అడ్డమున్నను బొమ్మ నిలువదు. డిష్ ముందున్న చిన్నగొట్టము సెకనునకు సుమారు 1,100 కోట్ల మారులు కంపించు అలను గైకొని, తీగవెంట పోగల 95 నుండి 215 కోట్ల పరిమాణమునకు తగ్గించి, బాక్సునకు పంపును. మనది ఉప్పుగాలి సీమ గనుక తీగ కొనలకు నీరు చొరని టేపు చుట్టి, మరలకు కందెన పూసి, తుపానులకు కదలకుండ బిగింపుడు. ఉరుములు వినబడినంతనే ప్లగ్గులు తీయుడు.

అన్నియు తగిలించినపిమ్మట మూడు చిక్కులు రావచ్చును. బొమ్మ రంగు లేక నలుపు తెలుపుగా వచ్చి దొరలుచున్నచో, బాక్సు ‘ఎన్.టి.ఎస్.సి.’ అను పరదేశ పద్ధతిలో నున్నదని యెఱుంగుడు. దానిని ‘పాల్’కు మార్పుడు. బొమ్మ వచ్చి ధ్వని రాకున్నచో, మాడ్యులేటరు ధ్వనిపద్ధతిని ‘బి/జి’కి మార్పుడు. మన పెట్టెలు బొమ్మయలకు 5.5 మెగాహెర్ట్‌జుల దూరమున ధ్వనిని వెదకును. ఇతర దేశముల పద్ధతులలో ఆ దూరము వేరు. ముఖములు సన్నగా సాగినట్లున్నచో, బాక్సు అమరికలో 16:9 అను వెడల్పు కొలతను విడిచి 4:3 అను పాతకొలతను ఎంచుకొనుడు. అప్పుడు పైని క్రింద నల్లని పట్టీలు వచ్చును గాని మనుష్యులు మనుష్యులవలె నుందురు.

ఏండ్ల తరబడి మూలనున్న పెట్టెను తటాలున ప్లగ్గులో గ్రుచ్చరాదు. లోపల దుమ్ము, కందిరీగల గూళ్లు, బల్లులు చేరియుండును. కెపాసిటర్లు ఎండియుండును. తెలిసిన మెకానిక్కు ముందుగా శుభ్రపఱచి, సీరీసు బల్బు పెట్టి పరీక్షించును. దోషమున్నచో ఆ బల్బు ప్రకాశముగా వెలిగి, పెట్టె కాలిపోకుండ కాపాడును. అట్టి పరీక్ష చేయనివానిని మీ పెట్టె ముట్టనీయకుడు.

ఇంత శ్రమ పడవలెనా యని మీ రడుగవచ్చును. నిజము చెప్పెదను. పిక్చర్ ట్యూబు వెలవెలపోయినచో, లేక మరమ్మతునకు క్రొత్తపెట్టె వెలలో సగము అడిగినచో వలదు. పాత రంగులపెట్టె క్రొత్త పలుచనిదానికంటె హెచ్చు విద్యుత్తును తినును. అట్టిదానిని వదలుకొనుట తప్పు కాదు. ఐతే పగులగొట్టి చెరువుగట్టున పాఱవేయకుడు. ఆ ట్యూబు గాజులో సీసము కలదు. ప్రభుత్వము 2022లో ఎలక్ట్రానిక్ వ్యర్థములకు నియమములు ప్రకటించినది. అట్టివానిని నమోదైన రీసైక్లింగు సంస్థలకు అప్పగించుట మేలు. నేలపట్టు గూడబాతులును, పులికాటు చేపలును త్రాగు నీరు మన పిల్లలు త్రాగు నీటితో పొత్తు గలదే.

పెట్టె బాగున్నచో, దానిని కోరు మనుష్యుడు ఇంట నున్నచో, రెండు చిన్న పరికరములతో అది పలుకును. మా అమ్మగారికి ఇప్పటికి ఎనుబదియేడు ఏండ్లు. సాయంకాలము ఆమె మూడవ మీట నొక్కుదురు. ఏ చానలు కావలసినను లోపల బాక్సును మార్చువారము మేమే. ఆమెకు మాత్రము తన పెట్టెయే పలుకుచున్నది. టంకము వేసి చేయి కాల్చుకొన్న బాలుడు నేడు విద్యుచ్ఛాఖలో ఉద్యోగి. సెలవునకు వచ్చినప్పుడెల్ల పెట్టె వెనుకకు పోయి, తీగలను కనులతో మాత్రము పరీక్షించి వచ్చును. చేతులు రెండును వెనుకకు కట్టుకొని చూచును. వానిని చూచినప్పుడెల్ల, విద్య వచ్చినదని నేను గుర్తింతును.

పెద్దలారా, మీ యింటి పిల్లలకును ఆ చేతులు కట్టుకొను విద్యను ముందు నేర్పుడు. తక్కినది మెకానిక్కు చేయును.